గంటకో హాల్టు

మొదటి ఆదివారం పొద్దున బొల్లారంలో మా ఇంటి ముందు కారులో ఉన్నవాళ్ళు: స్టీరింగు ముందు అక్క, ఆమె పక్క సీట్లో నాన్న, వెనక సీటు మధ్యలో నేను. ఉన్న వస్తువులు: నీళ్ళ సీసాలు, టైర్లలో గాలి చూసే గేజి, నాన్న చెక్క దిమ్మ, నా ఫోను, అమ్మ కట్టిచ్చిన ఉప్మా డబ్బా, వెనక అద్దానికి అక్క కూతురు అంటించిన సీతాకోకచిలుక బొమ్మ. ఆ బొమ్మ వెనక చూపుకు అడ్డమని నేను పీకబోయాను. సాయంత్రం పాపకు నువ్వే జవాబు చెప్పుకోవాలని అక్క అన్నది. బొమ్మ ఉండిపోయింది.

పోవాల్సింది మేడ్చల్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, తర్వాతి దారిలో దిగి, వెనక్కి రావడం. అంతే. కానీ ఆ కొంచెం దూరం మీద అక్క ఉద్యోగం ఆధారపడి ఉంది.

అక్క కెమిస్ట్రీ చదివింది. పాప పుట్టకముందు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. పాప కోసం మానేసింది. నాలుగేళ్ళు ఇంట్లో ఉన్నాక, పాప బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, మళ్ళీ ప్రయత్నిస్తే పటాన్‌చెరు అవతల ఒక ఫ్యాక్టరీలో ల్యాబు సెక్షన్ ఇన్‌చార్జిగా పిలిచారు. అన్నేళ్ళ ఖాళీ తర్వాత అలాంటి పిలుపు రెండోసారి రాదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. వచ్చే నెల మొదటి తేదీన చేరాలి. పొద్దున ఎనిమిదికల్లా గేటు దగ్గర ఉండాలి. వాళ్ళ బస్సు మా వైపు రాదు. ఊరి మధ్యలోంచి పోతే పోనూ రానూ రోజులో సగం రోడ్డు మీదే గడుస్తుంది. ఔటర్ మీదైతే గంటలోపు. అక్కతో పాటు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్న బావ బేగంపేటలో తన ఆఫీసుకు బైకు మీద పోతాడు కాబట్టి కారు అక్కదే. మిగిలిందల్లా ఆమె ఔటర్ మీద నడపగలగడం.

అక్కకు డ్రైవింగు రాదనుకోకండి. బొల్లారం సందుల్లో, ఎదురుగా నీళ్ళ ట్యాంకరు వస్తుంటే, పక్కన కూరగాయల బండి ఉంటే, కారును రివర్సులో ఒక్క తిప్పుకు ఇంటి గేటులోకి తెచ్చేది. లోతుకుంట చౌరస్తాలో ఆమె దాటే తీరు చూడాలి. ముందు బానెటు కొంచెం పెట్టేది. అవతలి వాడి కళ్ళలోకి చూసేది. వాడు ఒక్క క్షణం ఆలోచించేలోపు వెళ్ళిపోయేది. మా ఊళ్ళో డ్రైవింగు అంటే అదే. ఎదుటి మనిషి ముఖం చదవడం, హారన్‌తో మాట్లాడటం, ముందున్నది చూసుకోవడం. వెనక ఉన్నది వెనకవాడి సంగతి.

ఔటర్ మీద ముఖాలు కనపడవు. అక్కడ వెనకవాడి సంగతి మన సంగతి అవుతుంది. ర్యాంపు ఎక్కుతూనే వేగం పెంచుకుని, కుడి అద్దంలో వచ్చే బండ్ల మధ్య చోటు చూసుకుని, వాళ్ళ వేగంతో వాళ్ళలో కలవాలి. మొదటి ఆదివారం అక్క ర్యాంపు చివరిదాకా వచ్చి, లోతుకుంట చౌరస్తాలో ఆగినట్టే ఆగింది. కుడివైపు తల తిప్పి చోటు కోసం చూసింది. లారీలు, కార్లు మమ్మల్ని దాటుతూ పోయాయి. ఆగిన చోటు నుంచి ఆ వేగం అందుకోవడం చిన్న కారుకు కష్టం. చాలాసేపటికి రోడ్డు ఖాళీ అయ్యాక కలిశాం.

"శభాష్. ఆగి చూసి ఎక్కుడే పద్ధతి" అని నాన్న అన్నాడు.

నేను వెనక నుంచి అది సరిగ్గా తప్పు పద్ధతి అన్నాను.

నాన్న సైన్యంలో లారీ డ్రైవరు. పింఛను వచ్చేదాకా అదే పని. చివరి ఏళ్ళలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు డ్రైవింగు నేర్పేవాడు. వాళ్ళు ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళు. తిరుమలగిరి బజారులో ఇప్పటికీ ఎవరో ఒక నడివయసు మనిషి ఆయన్ను చూసి స్కూటరు ఆపి, కాళ్ళు దగ్గరపెట్టి నిలబడతాడు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. బండ్ల బ్రేకులు పరీక్షించే చోట పనిచేస్తాను. ఎంత వేగంలో ఎంత దూరానికి బండి ఆగుతుందో తడి రోడ్డుకు, పొడి రోడ్డుకు వేరువేరుగా చెప్పగలను. అక్కకు నేర్పే హక్కు తనదేనని నాన్న అనుకున్నాడు. నాదేనని నేను అనుకున్నాను.

ఆ వారమంతా ఇంట్లో ఇదే పని. నేను వాకిట్లో సుద్దముక్కతో ర్యాంపు గీసి, కలిసే పద్ధతిని ఏడు అంశాలుగా అక్కకు చెప్పాను. ఒకటి, వేగం. రెండు, లోపలి అద్దం. మూడు, కుడి అద్దం. నాలుగు, ఇండికేటరు. ఇలా. నాన్న భోజనాల బల్ల మీద అగ్గిపెట్టెలు వరసగా పెట్టి కాన్వాయ్ ఎలా నడుస్తుందో చూపించాడు. ముందు బండికి ఎంత దూరం ఉండాలి, కొండ మీద ఏ గేరు, ఎవరూ ఎవరినీ ఎందుకు దాటకూడదు. అక్క ఇద్దరి దగ్గరా బుద్ధిగా తలూపింది. అమ్మ అగ్గిపెట్టెల్లోంచి ఒకటి తీసుకుని పొయ్యి ముట్టించుకుంటూ, "ఒక బండికి ఇద్దరు ఉస్తాదులైతే బండి షెడ్డుకే" అన్నది. మేమిద్దరం ఎదుటివాడి గురించే అన్నదనుకున్నాం.

వారం మధ్యలో ఒకరోజు అక్క పాపను బడిలో దింపి తొందరగా ఇంటికి రాలేదు. అడిగితే, మేడ్చల్ అవతల ఔటర్‌ను దాటే వంతెన ఒకటుంది, దాని పక్కన కారు ఆపి, వంతెన మీద నిలబడి కింద ర్యాంపు చూస్తూ ఉన్నానన్నది. ఎండలో, తలమీద చున్నీ కప్పుకుని, అరగంట పైనే. ఏం చూశావని నేను అడిగాను. వాకిట్లో నా సుద్దగీతలు ఇంకా చెరగలేదు.

"ఆడ ఎవ్వరు ఆగుతలేరు తమ్మీ" అన్నది. "కలిసేకాడ చూస్తలేరు. ఇంకా కిందున్నప్పుడే చూసుకుంటున్నరు. పైకొచ్చేసరికి వాళ్ళకు ముందే తెలుసు ఏ లారీ ఎనక పోవాల్నో."

నేను చెప్పిన ఏడు అంశాల్లో అది లేదు. ఉన్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. బాగుందని చెప్పాను. కానీ అప్పటికే ఎనిమిదో అంశంగా దాన్ని ఎక్కడ చేర్చాలా అని ఆలోచిస్తున్నాను.

రెండో ఆదివారం ఆమె ర్యాంపు మొదట్లోనే తల కుడికి తిప్పి పైన రోడ్డును ఒకసారి చూసింది. నేను వెనక నుంచి "రెండు, మూడు" అని అంకెలు చెప్తున్నాను. "ఇది వైవా కాదు తమ్మీ" అన్నది, కళ్ళు రోడ్డు మీంచి తీయకుండానే. నాన్న నవ్వాడు. ఆ నవ్వు అయ్యేలోపు మేం రోడ్డు మీద ఉన్నాం. ఎక్కడ కలిసిందో నాకు సరిగా తెలియలేదు. ముందు ఒక పాల ట్యాంకరు, వెనక తగినంత దూరంలో ఒక తెల్ల కారు, మధ్యలో మేము, అందరం ఒకే వేగంలో. ఎడమ నుంచి రెండో లైనులో స్థిరపడింది. రెండు చేతులూ వదులుగా స్టీరింగు మీద. చూపు బానెటు మీద కాదు, దూరంగా రోడ్డు వంపు తిరిగే చోట. అది ఎవరూ నేర్పలేదు. కాసేపటికి ఏదో పాట గొణిగింది. పెళ్ళయ్యాక అక్క పాట గొణగడం నేను వినడం అదే మొదటిసారి అనిపించింది. నిజానికి కాకపోవచ్చు. నేను వినే దూరంలో లేకపోయి ఉండవచ్చు.

దిగాక సర్వీసు రోడ్డు పక్కన టీ తాగాం. నాన్న కారు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం మధ్యన అరచేయి ఆనించి వేడి చూసి వచ్చాడు. అక్క గ్లాసు పట్టుకుని, కింద చూస్తూ, వచ్చే ఆదివారం ఇక్కడి నుంచి పటాన్‌చెరు దాకా పోయి వద్దామన్నది. తర్వాత ఆగి, "నన్నొక్కదాన్నే పోనియ్యుండ్రి" అన్నది.

"ఒక్కదానివా? ఏందీ మాట బిడ్డా" అన్నాడు నాన్న. ఆయన నేర్పినన్నాళ్ళూ పక్కన కూర్చోకుండా ఎవరినీ రోడ్డు మీదికి పంపలేదు.

పూర్తి దూరం ఇంకా ఒక్కసారి కూడా పోలేదు కదా, ఈసారి ముగ్గురం పోదాం, ఆ తర్వాత నీ ఇష్టం అని నేనన్నాను. అది నాకు న్యాయమైన మాటగానే తోచింది. పరీక్ష పూర్తి కాకుండా దేన్నీ బయటికి వదలకపోవడం మా పని. అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరే అన్నది. టీ పూర్తిగా తాగలేదు.

ఇక్కడ నాన్న అలవాటు ఒకటి చెప్పాలి. సైన్యంలో కాన్వాయ్ కదిలిన ప్రతి గంటకూ ఆగుతుంది. దాన్ని హాల్టు అంటారు. బండ్లన్నీ రోడ్డు పక్కకు తీసి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, డ్రైవర్లు దిగి, టైర్లు తన్ని చూసి, చక్రాల మధ్య చేయి పెట్టి వేడి చూసి, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరతారు. మా చిన్నప్పుడు సిద్దిపేట వైపు బంధువుల ఇంటికి పోయినా ఇదే. గంట కాగానే నాన్న "హాల్టు" అనేవాడు. అమ్మ, అక్క, నేను దిగేవాళ్ళం. దిమ్మ పెట్టే పని అక్కది. ఊరు పది నిమిషాల్లో వస్తుందన్నా సరే, హాల్టు హాల్టే. మొదటి రెండు ఆదివారాలూ చిన్న ప్రయాణాలు. గంట కాలేదు. కాబట్టి ఆ మాట రాలేదు. మూడో ఆదివారం గంట దాటుతుందని నాకు తట్టలేదు. నాన్నకు తట్టింది గానీ, అందులో ముందుగా చెప్పాల్సింది ఏముందని ఆయన అనుకున్నాడు.

మూడో ఆదివారం దారిలో పెట్రోలు బంకు దగ్గర గాలి కొట్టించడానికి ఆలస్యమైంది. నాన్న లెక్క ఇంటి దగ్గర తాళం తిప్పినప్పటి నుంచి. ర్యాంపు, కలవడం, లైను, అన్నీ రెండో వారం కన్నా బాగా జరిగాయి. నేను అంకెలు చెప్పడం మానేశాను. దుండిగల్ దాటాం. రోడ్డుకు రెండు వైపులా కొత్తగా కడుతున్న ఎత్తైన భవనాలు, మధ్యలో రాళ్ళ గుట్టలు. పటాన్‌చెరు ఎంత దూరమో చెప్పే ఆకుపచ్చ బోర్డు ఒకటి కనిపించింది. అక్క దాన్ని పైకి చదివింది. ఆమె గొంతులో అప్పటికే అక్కడికి చేరినట్టు ఉంది.

నాన్న గడియారం చూసుకున్నాడు.

"హాల్టు" అన్నాడు. "బండి పక్కకు తియ్యి బిడ్డా."

అక్క ఎడమ అద్దం చూసింది. ఎడమ ఇండికేటరు వేసింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది. ఆలోచించి చేసిన పని కాదది. చిన్నప్పటి నుంచి ఆ మాటకు ఆ గొంతుకు ఆమె శరీరం దిగడానికి సిద్ధమవుతుంది. కారు గీత మీదికి జరిగింది. అదే క్షణంలో నేను వెనక నుంచి, "ఆగొద్దక్కా, ఇక్కడ ఆగకూడదు, పోనీ" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె స్టీరింగు మళ్ళీ కుడికి తెచ్చింది. నాన్న "అరె, తియ్యమంటున్న కదా" అన్నాడు. మళ్ళీ ఎడమకు. రెండు లైన్ల మధ్య, గీత మీద, వేగం పడిపోతూ ఉన్నాం. ఇండికేటరు ఒకవైపు కొట్టుకుంటోంది, కారు ఇంకోవైపు చూస్తోంది. వెనక నుంచి లారీ హారన్ మొదలై ఆగలేదు. అది పెద్దదవుతూ వచ్చి, కుడి పక్కగా, అద్దానికి చాలా దగ్గరగా దాటిపోయింది. దాని గాలికి కారు మొత్తం ఊగింది. తగల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. లారీ డ్రైవరు కిటికీలోంచి చేయి బయటపెట్టి ఏదో అంటూ పోవడం కనిపించింది, వినపడలేదు.

అక్క కారును ఎడమ అంచు గీత దాటించి, ఖాళీగా వదిలిన వరుసలో ఆపింది. గేరు న్యూట్రల్ చేసి, హ్యాండు బ్రేకు వేసింది. అన్నీ సరిగ్గా చేసింది.

తర్వాత మేమిద్దరం చేసినవి ఇవి. నాన్న దిగి దిమ్మ తీసి వెనక చక్రం కింద పెట్టి, చక్రాలు ఒక్కొక్కటిగా తాకి చూడటం మొదలుపెట్టాడు. నేను ముందుకు వంగి నాలుగు ఇండికేటర్లూ వేసి, ఇలాంటి చోట కారులో కూర్చోకూడదని, ఎడమ తలుపు నుంచి దిగి రెయిలింగు అవతల నిలబడాలని అక్కకు చెప్పాను. అది సరైన సూచనే. ఆమె వినలేదు. చేతులు స్టీరింగు మీద అలాగే పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. పెట్రోలింగు జీపు ఒకటి వెనక ఆగింది. బండి ఖరాబైందా అని అందులోని మనిషి అడిగాడు. లేదు, చెక్ చేస్తున్నామని నాన్న చెప్పాడు. ఆ మనిషి ఇంకేం అడగాలో తెలియక, తొందరగా తియ్యండి సార్ అని చెప్పి అక్కడే నిలబడ్డాడు.

అప్పుడు అక్క దిగి, కారు ముందు నుంచి తిరిగి వచ్చి, వెనక సీట్లో కూర్చుంది. నేను ముందుకు వెళ్ళి నడిపాను. పటాన్‌చెరు దారిలో దిగి, వెనక్కి తిరిగి, ఇంటికి వచ్చాం. ఉప్మా డబ్బా ఎవరూ తెరవలేదు. సగం దారిలో అక్క ఒక్కసారి మాట్లాడింది. "లారీ నాకు కనపడుతనే ఉండె" అన్నది. "ఎంత దూరముందో కూడా తెలుసు." నాన్న వెనక్కి తిరగలేదు. నేను అద్దంలోకి చూడలేదు.

నాన్న ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. మర్నాడు పొద్దున ఆయనే వచ్చి కారు తాళాలు అక్క ముందు పెట్టాడు. ఒక్కదానివే పో బిడ్డా, ఎవ్వరం రాము, నీ అంత మంచిగ నేను నేర్పినోళ్ళల్ల సుత ఎవ్వరు నడపలే అన్నాడు. ఆయన నోట అలాంటి మాట అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. నేను పక్కనే ఉండి, అవును, ఒక్కదానివే పో అన్నాను. రెండో ఆదివారం టీ దగ్గర ఆమె అడిగింది అదే. ఇప్పుడు మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నాం.

అక్క తాళాలు తీసుకోలేదు. కోపం లేదు ఆమెకు. పాప జడ వేస్తూ, మెల్లగా చెప్పింది.

"ఇప్పుడు నేనొక్కదాన్నే కూసున్నా, మీరిద్దరు కారులనే ఉంటరు నాయినా."

ఒకటో తేదీకి మిగిలిన రోజుల్లో రెండుసార్లు ఆమె కారు తీసి మేడ్చల్ దాకా వెళ్ళింది. మాకు చెప్పలేదు, బావ చెప్పాడు. ర్యాంపు దగ్గరికి వెళ్ళి, ఎక్కకుండా సర్వీసు రోడ్డు మీదుగా తిరిగొచ్చిందట. కంపెనీని ఇంకొంత సమయం అడిగింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఆ సెక్షన్ ఖాళీగా ఉంచలేమన్నారు. ఒకటో తేదీన ఆమె పాపను బడిలో దింపి వచ్చి, మేడ మీద బట్టలు ఆరేసింది.

నాన్న తప్పు చెప్పాడని నేను చాలా రోజులు అనుకున్నాను. ఒక సాయంత్రం ఆయనే అడిగాడు, ఔటర్ పక్కన ఆగితే ఏమవుతుందో జెర చెప్పు అని. చెప్పాను. ఆ వేగంలో వచ్చేవాడికి ఆగి ఉన్న బండి కదులుతున్నట్టే కనిపిస్తుందని, తేడా తెలిసేసరికి ఆగే దూరం మిగలదని, కాగితం మీద గీసి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత, కొండల్లో ఒకసారి తొందర ఉందని హాల్టు మానేసిన కాన్వాయ్‌లో ఒక బండి చక్రం వేడెక్కి పట్టేసి లోయలోకి పోయిందని, అందులో ఉన్నది తను నేర్పిన కుర్రాడని చెప్పాడు. అతని ఊరి పేరు చెప్పాడు. ఆ సంగతి మాకు అన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. సిద్దిపేట దారిలో మమ్మల్ని ఎందుకు దింపేవాడో అప్పుడు తెలిసింది. ఆయన రోడ్డుకు ఆయన మాట సరైనది. ఈ రోడ్డుకు నా మాట సరైనది. ఆ సంభాషణ ఆ మూడో ఆదివారానికి ముందు, వాకిట్లోనో భోజనాల బల్ల దగ్గరో, మా ఇద్దరి మధ్య జరగాల్సింది. దానికి పావుగంట పట్టేది. మేమిద్దరం ఆ వారమంతా అక్కతోనే మాట్లాడాం, ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

ఔటర్ మీద నేను ఇప్పుడు తరచుగా పోతుంటాను. ర్యాంపు కిందనే తల తిప్పి పైన చూసుకుంటాను. ఏ బండి వెనక పోవాలో ముందే తెలిసిపోతుంది. ఎప్పుడూ తడబడలేదు. అంకెలన్నీ మర్చిపోయాను. నేను పక్క సీటులో ఉన్నప్పుడు కొత్తగా నడిపేవాళ్ళు ఎవరైనా తమ డ్రైవింగు ఎలా ఉందని అడిగితే, దిగాక మాట్లాడుకుందామంటాను.

అక్క అల్వాల్‌లో ఒక చిన్న జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తోంది. పిల్లలకు ఆమె అంటే ఇష్టం. వాళ్ళకు తప్పు జవాబు వచ్చినా పూర్తయ్యేదాకా అడ్డుపడదని విన్నాను. అక్కడ ల్యాబు ఉంది, ఒకే గది, రెండు బల్లలు. ఆమె కారులోనే వెళ్తుంది. ఒక్కతే వెళ్తుంది. మా గేటు నుంచి ఆ కాలేజీ గేటుకు దూరం నాలుగు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు.